కలివికోడి కూసే వేళ

ఓబులక్ష్మికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తాను పక్కన లేనప్పుడు ఉయ్యాల్లో బిడ్డ ఊపిరి ఆగిపోతుందేమోనని.

లంకమల కొండల కింద పల్లెల్లో అప్పటికి ప్రతి చూరుకూ ఒక చెవిపెట్టె వేలాడేది. ఏ పిట్ట కూసినా పట్టేది. ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో పొద్దున్నే వాన కబురుతో పాటు చెప్పేది. ఆ కొండల ముళ్లకంపల్లో తిరిగే అరుదైన పిట్ట కలివికోడి గొంతు మాత్రం ఏళ్లుగా ఏ పెట్టెకూ వినబడలేదు.

"ఆ జాతి ఇంక పోయిందని రాసేయొచ్చు కదా మేడం?" అంది ఓబులక్ష్మి.

"అట్లా రాయకూడదమ్మా," అంది పిట్టల శాస్త్రవేత్త రెహానా. "అది ఉండగల ప్రతిచోటా, అది కూసే వేళలో విని ఉండాలి. మీ ఇంటి వెనక ముళ్లకంప మిగిలిపోయింది. పెట్టె వదిలేస్తే కోతులు పీక్కుపోతున్నాయి. మునిమాపున ఎవరైనా పట్టుకుని కూచోవాలి."

ఎనిమిదో తరగతితో బడి మానేసిన ఓబులక్ష్మికి ఒళ్లు పులకరించింది. కనబడని పిట్ట కోసం ఇంత ఓపికా! తన గుబులుకు చదువుకున్న చుట్టం దొరికినట్టయింది.

"నేను కూచుంటా," అనేసింది. కానీ బిడ్డ ఏడిస్తే పిట్ట గొంతు వినబడదు, వెంట తీసుకుపోవడానికి లేదు.

"పోవే, నేను చూస్తాలే," అంది అత్త. "ముగ్గుర్ని పెంచినా. నీ మొగుడి ఊపిరైతే వీధి చివరికి వినబడేది."

ఆ సాయంత్రం కంపలో ఏమీ కూయలేదు. అయినా రెహానా పోయిందని రాయలేదు. "రోజూ విందాం, వానలయ్యాక కూడా," అంది.

ఓబులక్ష్మి రోజూ మునిమాపున కంపలోనే ఉంటోంది. అత్తకు కునుకు పట్టేదీ ఆ వేళకే. మీరు ఆ దారిన పోతే, చప్పుడు చేయకుండా లోపలికెళ్లి ఉయ్యాల్లో బిడ్డను ఒక్కసారి చూసి రండి.