అడ్డం పెట్టిన లారీ

ప్లీడరు కారు గేటు దాటి లోపలికి రాబోయి కీచుమని ఆగింది. కారు పెట్టుకునే చోట, నట్టనడుమ, మూరెడు పొడవున్న బొమ్మ లారీ నిలబడి ఉంది. దాని నాలుగు మూలలా నాలుగు పసుపు దీపాలు టపటపా కొట్టుకుంటున్నాయి.

"చూశావా మీ బావ నిర్వాకం?" అన్నాడు పక్కన కూర్చున్న భార్యతో. "ఇన్నాళ్ళూ స్కూటరు అడ్డం పెట్టేవాడు. ఇవాళ బొమ్మ పెట్టాడు. రేపు రోలు తెచ్చి పెడతాడు."

ఆ ఇంట్లో కింది వాటా ప్లీడరు భార్యది, పై వాటా ఆమె అక్కది. అక్క మొగుణ్ణి వీధి వీధంతా రిమోటాయన అంటుంది. బొమ్మ లారీలూ జీపులూ సొంతంగా తయారుచేసి, వాటికి ఎల్‌ఈడీ బల్బులు బిగించి, బాల్కనీలో కూర్చుని వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటాడు. కారు పెట్టే జాగా మాత్రం ఇంటికంతటికీ ఒక్కటే. తోడల్లుళ్ళిద్దరికీ దాని దగ్గరే చెడింది.

ప్లీడరు హారన్ కొట్టాడు. లారీ కదల్లేదు సరికదా, దాని ముందు దీపాలు రెండూ భగ్గున వెలిగి అతని కళ్ళలో పడ్డాయి. మళ్ళీ కొట్టాడు. ఈసారి కేబిన్ నెత్తిమీద ఎర్ర దీపం గిరగిరా తిరగడం మొదలుపెట్టింది.

"నా హారన్‌కి జవాబిస్తున్నాడు చూడు," అంటూ కారు దిగి తలెత్తాడు.

పైన రిమోటాయన కుర్చీలోంచి సగం లేచి, పిట్టగోడ పట్టుకుని వంగి ఉన్నాడు. మోకాలికి కట్టు. చేతిలో రిమోటు.

"ఫోన్ చేస్తే ఎత్తవేంటయ్యా?"

"మీ నెంబరు ఎప్పుడో బ్లాక్ చేశాను అన్నగారూ. ముందు మీ లారీ తీయండి."

"తీయను. ఒక్క మాట విను."

"వినను. మీ ఒక్క మాట ఎంత పొడుగుంటుందో నాకు తెలుసు."

"అది కాదయ్యా, ఆ చోట..."

"ఆ చోటు మీదేనని మామగారు కల్లోకొచ్చి చెప్పారా?"

"కాలు బాగుంటే నేనే దిగొచ్చేవాణ్ణి..."

"దిగొచ్చి ఏం చేస్తారు, కొడతారా? చెప్పేదేదో కోర్టులో చెప్పుకోండి. నేనూ అక్కడే ఉంటాను."

భార్య కూరగాయల సంచీతో కారు దిగింది. "బావగారేదో చెబుతున్నారు కదండీ. ఓసారి వింటే ఏం పోయింది?"

"నువ్వు మీ వాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకోకు," అని ప్లీడరు రెండడుగులు ముందుకు వేశాడు.

పైన టక్కుమని చప్పుడైంది. లారీ వెనక దీపాలు కూడా వెలిగాయి. ఇంకో టక్కు. దీపాలన్నీ ఒక్కసారిగా వెలుగుతూ ఆరుతూ, వాన నీళ్ళు నిలిచిన నేల మీద ఎరుపూ పసుపూ పొర్లాడాయి. ఎదురింటి మేడ మీద ఆరిన బట్టలు తీస్తున్న ఆవిడ తీయడం మానేసి ఇటే చూస్తోంది. ప్లీడరుకు తల కొట్టేసినట్టయింది. ఆ పూట కోర్టులో జడ్జి చేత చీవాట్లు తిని వచ్చాడు. ఇప్పుడు ఇంటి గుమ్మంలో, ఒక బొమ్మ ముందు, దోషిలా నిలబడ్డాడు.

"ఆర్పండి."

"నువ్వు వెనక్కి వెళ్ళు, ఆర్పుతాను."

"నన్ను వెనక్కి పొమ్మంటారా? నా ఇంట్లోంచి?"

ఒక్క తన్ను తన్నాడు. లారీ గాల్లోకి లేచి ప్రహరీ గోడకు కొట్టుకుని బోర్లా పడింది. కేబిన్ ఊడి ఓ పక్కకు పోయింది. చక్రం ఒకటి దొర్లుకుంటూ మురిక్కాలవలో పడింది. దీపాలు ఒకటొకటిగా ఆరిపోయాయి.

రిమోటాయన లారీ వంక చూస్తూ రిమోటు మీద ఒక బటన్ నొక్కాడు. మరొకటి నొక్కాడు. ఏదీ వెలగలేదు. ఆ లారీని అతను ఏడాది పాటు కూర్చుని చేశాడని ప్లీడరుకు తెలుసు. తెలిసే తన్నాడు.

"ఇప్పుడు చెప్పండి మీ ఒక్క మాట," అన్నాడు.

రిమోటాయన రిమోటును పిట్టగోడ మీద పెట్టేశాడు. "ఏం లేదు. పెట్టుకో నీ కారు."

"ఆ ముక్క ముందే అనుంటే బొమ్మయినా మిగిలేది."

ప్లీడరు కారెక్కాడు. ఒళ్ళంతా దూదిలా తేలికైంది. ఇన్నేళ్ళలో ఆ మనిషి నోట 'పెట్టుకో' అన్న మాట వినడం ఇదే మొదలు. ఎదురింటావిడ ఇంకా చూస్తూనే ఉంది. చూడనీ అనుకున్నాడు. కావాలనే తాపీగా నడిపి, ఇందాక లారీ ఉన్న చోటే, ఇటు జానెడు అటు జానెడు తేడా లేకుండా కారు నిలిపాడు. ఇంజను ఆపి, అద్దం దించి, సీటుకు హాయిగా చేరగిలబడ్డాడు.

బయట భార్య గొంతు తగ్గించి అడగడం వినిపించింది. "ఇంతకీ ఏం చెబుదామనుకున్నారు బావగారూ?"

"మధ్యాహ్నం నీళ్ళ ట్యాంకరు ఎక్కేసరికి ఆ కారు కిందున్న సంపు పలక నిలువునా పగిలిందమ్మా," అన్నాడు రిమోటాయన. "పదడుగుల లోతు, నిండా నీళ్ళు. అతన్ని మెల్లగా దిగమను."