సింహాచలమ్మకు దొరికిన తూటా

“కాల్లో దెబ్బ తగిల్తే గుండె కోస్తారా? ఎవులికి సెప్తావు బాబూ ఈ మాట!”

కోపంలో తెలుగే వచ్చింది సింహాచలమ్మకి. కాస్త తేరుకుని అదే మాట బెంగాలీలో అడిగింది. డాక్టరు విసుక్కోలేదు. ఎక్స్‌రేని కిటికీ వెలుగుకి ఎత్తి, ఎముకల మధ్య ఉన్న తెల్లటి మచ్చ మీద వేలు పెట్టాడు.

“మాషీ,” అన్నాడు పిన్నీ అని పిలిచినట్టు, “మీ అబ్బాయి తొడలో ఒకటే రంధ్రం ఉంది. లోపలికి పోయిన తూటా బయటికి రాలేదు. పెద్ద రక్తనాళంలో పడి, రక్తంతో పాటు కొట్టుకుపోయి గుండెలో ఆగింది. ఏ క్షణాన కదులుతుందో చెప్పలేం. అందుకే లేచి కూర్చోనివ్వొద్దంటున్నాను. రేపు పొద్దున్న ఆపరేషన్ చేసి తీసేస్తాం. మీరు సంతకం పెడితేగానీ తను పెట్టనంటున్నాడు.”

“అది తూటా కాదు. ఆడి మెళ్లో తాయెత్తు.”

“తాయెత్తు తీయించాకే ఫొటో తీశాం.”

“అయితే ఇంకెవులి ఫొటోవో!”

సంతకం పెట్టకుండానే కొడుకు మంచం దగ్గరికి వెళ్లిపోయింది. ఉమామహేశ్‌కి ఇరవై నాలుగేళ్లు. ఇంటింటికీ పార్సిళ్లు అందించే ఉద్యోగం. నిన్న సాయంత్రం వాట్‌గంజ్‌లో రెండు ముఠాలు కొట్టుకుంటుంటే, ఏ పాపమూ ఎరగని వీడి తొడలో వచ్చి దిగింది తూటా. అదీ సింహాచలమ్మ ఇరవై ఏళ్లుగా ఊడుస్తున్న వీధిలో.

“అమ్మా, నిజంగానే కోస్తారా?” అన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. వాళ్ల నాన్న ఆపరేషన్ బల్ల మీదే పోయాడు మరి.

“నా పేనం ఉండగా కొయ్యనిత్తానేటి? తూటా రోడ్డు మీదే పడుంటాది. పోలీసోల్లకి దొరకనేదంటే నాకు దొరకదా? ఆల్లకి సీపురు పట్టుకోడం వొచ్చా?”

“దొరికితే ఇంక కొయ్యరు కదా?”

“దొరికితే ఇంకేటి కోస్తారు బాబూ!”

ఉమామహేశ్ తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. తర్వాత, “నువ్వు ఇంటికెళ్లి ఇంత తినమ్మా. మావ ఉంటాడులే నా దగ్గర,” అన్నాడు.

మావ అంటే గవరయ్య, సింహాచలమ్మ అన్న. ఆయనదీ మునిసిపాలిటీ చీపురే. వీధికి ఈ కొస చెల్లెలిది, ఆ కొస అన్నది. ఊడ్చేటప్పుడు దొరికినవన్నీ ఒక బిస్కట్ డబ్బాలో దాచడం ఆయనకో పిచ్చి. గుండీలు, తాళంచెవులు, ఒంటి దిద్దులు, ఇంకా నానా చెత్తా. “పోగొట్టుకున్నోడు ఏనాడైనా వొచ్చి అడగడేటి?” అంటాడు. ఇంతవరకూ ఒక్కడూ వచ్చి అడిగిన పాపాన పోలేదు. చిన్నప్పుడు ఉమామహేశ్‌కి మాత్రం ఆ డబ్బాయే ఆటసామాను.

మర్నాడు తెల్లారుతూనే సింహాచలమ్మ వీధిలోకి దిగింది. రోజూలా ఊడ్చుకుంటూ పోలేదు. జానెడు జానెడు కుప్పలు చేసి, ఒక్కో కుప్పనీ అరచేత్తో పరిచి చూసింది. టీకొట్టు బల్ల కింద దూరింది. కాలవలో చెయ్యి పెట్టింది. కనిపించిన దేవుడికల్లా మొక్కింది. ఆ కొసనుంచి గవరయ్య తల వంచుకుని ఊడ్చుకుంటూ వస్తున్నాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఆసుపత్రిలో నిద్ర లేక కాబోలు అనుకుంది.

కాలవ జాలీ పక్కన, పగిలిన మట్టి కప్పుల పెంకుల్లో, చీపురు పుల్లలకి ఏదో టక్కున తగిలింది. వంగి తీసింది. చిటికెన వేలి కొస అంత తూటా!

“అన్నా! దొరికినాది! దొరికినాదన్నా!”

దాన్ని కళ్లకద్దుకుని నడివీధిలో కూలబడి ఏడ్చేసింది. అంత సంతోషం ఆ మనిషి ఎన్నడూ ఎరగదు. గవరయ్య దాన్ని చేతిలోకైనా తీసుకోలేదు.

“మంచిది సెల్లీ. పద, గుంటడ్ని ఇంటికి తెచ్చేసుకుందాం,” అన్నాడు.

డాక్టరు చెప్పగలిగినంతా చెప్పాడు. ఆ రోజు ఎన్ని తూటాలు పేలాయో ఎవరు చూశారన్నాడు. ఇంకో ఫొటో తీస్తా, మీ కళ్లతోనే చూడండని బతిమాలాడు. సింహాచలమ్మ వింటేగా! మా పూచీ మీదే తీసుకెళ్తున్నాం అని రాసున్న కాగితం మీద కొడుకు సంతకం పెట్టాడు. దాని కింద తల్లి పెట్టింది.

ఏక్‌బాల్‌పూర్‌లో టాక్సీ దిగాక మేనల్లుణ్ని చేతుల మీదే ఇంట్లోకి మోసుకెళ్లాడు గవరయ్య. సింహాచలమ్మ ఎండుచేపల పులుసు కాచింది. కొడుకు ఇష్టంగా తిన్నాడు. రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. మావ వంక చూసి నవ్వాడు కూడా. ఆ నవ్వు చూసి ఆ తల్లి కడుపు నిండిపోయింది.

“చెయ్యి కడుక్కొస్తానమ్మా,” అంటూ గోడ పట్టుకుని లేచాడు. ఒక్క అడుగు వేశాడు. రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, “అమ్మా...” అన్నాడు. తిన్న కంచం మీదే పడిపోయాడు.

పోస్టుమార్టంలో తూటా బయటపడింది. గుండెలోంచి జారి ఊపిరితిత్తుల నాళానికి అడ్డం పడిందట.

శ్మశానం నుంచి వచ్చాక కూడా సింహాచలమ్మ ఏడవలేదు. కొంగుముడి విప్పి, తనకి దొరికిన తూటాని నేల మీద పెట్టింది.

“ఆడి ఒంట్లోది ఆడి ఒంట్లోనే ఉంటే, మరి ఇది ఎక్కడిదన్నా?”

గవరయ్య బిస్కట్ డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. మూత తీశాడు. అక్కడే కూలబడి చెల్లెలి కాళ్లు పట్టుకున్నాడు.

“ఎప్పుడో నాకు దొరికిందే సెల్లీ అది, సిన్నప్పుడు ఆడు ఆడుకున్నదే... ‘మావా, నీ డబ్బాలో తూటా అమ్మ సీపురుకి తగిలేలా పడెయ్యవా, నాకు బయమేస్తంది’ అని నా సెయ్యట్టుకుని ఆడే అడిగేడు.”