కొత్త బండి కోసం

మునిలక్ష్మి మొగుడి చేతిలోని పికప్ బండి తాళంచెవి లాక్కుని, రోడ్డు పక్కన రాజకాలువ మురికినీళ్లలోకి విసిరేసింది.

మంజునాథ్ ఆమె జుట్టు పట్టుకుని, తలను బండి డోరుకేసి కొట్టాడు.

“కొత్త బండి కావల్లని ఇంత పని చేస్తివా? దీనికే ఇంజను పని చేయించి బాడీ పెంచుతానని ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?”

ఆమె పెదవి చిట్లి రక్తం మెడ మీదికి కారుతోంది. బండి మార్చుదామని ఆమె, బాగుచేయిద్దామని అతను. నెల రోజులుగా ఆ ఇంట్లో ఇదే రభస. అడిగిన ప్రతిసారీ ఆమెకు దొరికింది తన్నులే. విరిగిన ఎడమచేతికి కట్టిన కట్టు ఇంకా విప్పనేలేదు.

“పొద్దున మెకానిక్ చూసి పోయినాక, బ్రేకులు బాగుండాయంట అని నువ్వే కదా చెప్తివి. బాగుండే బండిని ఎందుకే మార్చేది?” అంటూ కడుపులో తన్నాడు.

ఆమె టైరు పక్కన కూలబడింది.

మెకానిక్ చెప్పింది వేరు. “బ్రేకులు పూర్తిగా పోయినాయక్కా. బండి కదిలించొద్దని అన్నకు చెప్పు.”

అప్పుడు మంజునాథ్ స్నానం చేస్తున్నాడు. ఆమె తలూపి మెకానిక్‌ను పంపించేసింది. మొగుడికి టిఫిన్ పెట్టింది, క్యారియర్ కట్టింది. అత్తిబెలెకు లోడు వేసుకుని అతనొక్కడే పోతాడనుకుంది.

అతను మళ్లీ కాలెత్తాడు. ఆమె అతన్ని చూడలేదు. బండి ముందు సీటు వైపు చూసింది. నాన్నతో పోవాలని, ఎవరికీ చెప్పకుండా ఎక్కి కూర్చున్న కూతురు అద్దానికి మొహం ఆనించి ఏడుస్తోంది.

“దిగమ్మా,” అంది మునిలక్ష్మి.