గురువారం షీటు

"ముందు ప్యాకెట్ చూపించండి," అంది గేషే, ప్రింటర్‌కి అడ్డంగా నిలబడి.

ఒన్నో మాస్టారు బుద్ధిగా ప్లాస్టిక్ షీట్ల ప్యాకెట్ అందించాడు. లేజర్ ప్రింటర్‌కి పనికొస్తుందని దాని మీద రాసి ఉందో లేదో ఆమె కళ్లజోడు ఎత్తి ఒకసారి, దించి ఒకసారి చూసింది. ఉత్తర సముద్రం పక్కనున్న ఆ చిన్న బడికి ఆఫీసు గుమాస్తా గేషే, ప్రింటర్‌కి కాపలాదారు కూడా ఆమే. తొమ్మిదేళ్ల కిందట ఎవరో మహానుభావుడు మామూలు ప్లాస్టిక్ షీటు పెట్టేస్తే, అది లోపలి వేడికి కరిగి రోలరును చుట్టుకుని ముద్దయి కూర్చుంది. ఆ ముద్దను సొరుగులో దాచి, కొత్తగా చేరిన టీచర్లకు చూపించి భయపెడుతూ ఉంటుంది.

మాస్టారు చెప్పేది జాగ్రఫీ. ప్రొజెక్టర్ మీద పెట్టి గోడ మీద బొమ్మ చూపించే ఈ షీట్లంటే ఆయనకు ప్రాణం. ప్రతి గురువారం బడి వదిలాక ఒక్క షీటు ప్రింటు కోసం వస్తాడు. జాగ్రత్తలన్నీ శుభ్రంగా మరిచిపోయి మరీ వస్తాడు. రేపటితో ఆయన రిటైరవుతున్నాడు. ఇంక గురువారాలు ఉండవనుకుంటే గేషేకి పొద్దుట్నుంచీ దిగులుగా ఉంది, కనబడ్డవాళ్లందరి మీదా విసుక్కుంటోంది.

"ఒకేసారి ఎన్ని పెట్టాలి?" అని పరీక్ష మొదలుపెట్టింది.

"కట్ట మొత్తం పెట్టేస్తే పోలా?"

"మీకు డిగ్రీ ఎవరిచ్చారు మాస్టారూ? ఒక్కటే పెట్టాలి. అదీ చేత్తో పెట్టే ట్రేలో, అంచులు పట్టుకుని."

మూడేళ్లుగా ఆమె చెబుతున్న పాఠమే. రాసుకుంటానని ఆయన జేబులు తడుముకున్నాడు, పెన్ను దొరకలేదు. ఏ వారమూ దొరకదు. చివరికి గేషేనే షీటు పెట్టింది. అది బయటికి రావడానికి అర నిమిషం పట్టింది. చల్లారడానికి మాత్రం, ఆమె లెక్క ప్రకారం, ముప్పావుగంట కావాలి. మూడు కప్పుల టీ తాగకుండా లేవడం ఆ ప్రాంతంలో మర్యాద కాదు కాబట్టి ఇద్దరూ మూడేసి కప్పులు తాగారు.

షీటు మీద ఆటుపోట్ల బొమ్మ ముచ్చటగా పడింది. మాస్టారు దాన్ని కిటికీ వెలుగులో చూసుకుని, చాలా నెమ్మదిగా సంచిలో పెట్టుకున్నాడు.

"వచ్చే వారం నుంచి నాకు క్లాసులు ఉండవు," అన్నాడు నేల చూస్తూ.

 గేషే కప్పులు సర్దుతూ, "అయితే ఏంటట? ఒక్క జాగ్రత్త అయినా మీ బుర్రకెక్కిందా? పాఠం సగంలో ఆపేస్తే ఎలా? గురువారం రండి. షీటు మర్చిపోకండి," అంది.

"ఇంకా షీట్లెందుకని ఎవరైనా అడిగితే?"

"నా దగ్గరికి పంపండి, నేను చెప్తాను."

మాస్టారు ముఖం చేటంత అయింది. సంచి ఊపుకుంటూ వెళ్లిపోయాడు. గేషే ప్రింటర్ మీద గుడ్డ కప్పి, గోడ మీది క్యాలెండర్‌లో వచ్చే గురువారం చుట్టూ సున్నా చుట్టింది.

బడిలోని ఆఖరి ప్రొజెక్టర్‌ని నాలుగేళ్ల కిందట పాత సామాన్లలో పారేయించింది గేషేనే.