మూడో అంకం ఏడుపు

పెట్టుడు గడ్డం ఊడొచ్చేలా ఏడుస్తున్న గార్నియే భుజాన్ని పక్క సీటావిడ తట్టింది.

"ఏమయ్యా, కొత్తా? మన ఏడుపు మూడో అంకంలో కదా! మొదటి అంకంలోనే కానిచ్చేస్తే మా మేస్త్రీ ఊరుకోడు."

నలభై నవలలతో పారిస్‌ను ఏడిపించిన గార్నియే, తన తొలి నాటకానికి జనం ఎలా ఏడుస్తారో చూద్దామని మారువేషంలో బాల్కనీ ఎక్కాడు.

"ఈ వరసంతా మీవాళ్లేనా?"

"బాల్కనీ అంతా మావాళ్లే. చప్పట్లకీ ఏడుపులకీ థియేటరువాళ్లు మమ్మల్ని కూలికి పెట్టుకున్నారు. నిన్నెవరు రమ్మన్నారు?"

"ఎవరూ రమ్మనలేదు. నిజంగానే ఏడుపొచ్చింది."

ఆవిడ ఎగాదిగా చూసి, జాలిగా రుమాలు అందించింది.

"అయితే రాసింది మీరేనన్నమాట. ప్రతి నాటకానికీ ఊరికే ఏడ్చేవాళ్లు ఒక్కరే ఉంటారు లెండి."

గార్నియే కళ్లు తుడుచుకున్నాడు.

"మూడో అంకంలో మనం ఎక్కడ మొదలుపెట్టాలమ్మా?"