లైట్ డ్యూటీ

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మీరే సరిచేసుకొని చదవండి. ఇంత చిన్న కథ రాయడానికే పది రోజులు పట్టింది, ఆ ఆలస్యానికి కూడా మన్నించండి.

"అనుకుందాం," అన్నాడు కరీంనగర్ నుంచి వచ్చిన విచారణ ఆఫీసరు లక్ష్మణ్‌రావు, కాగితాల్లోంచి తల ఎత్తకుండా. "నలభై రెండేళ్ల మనిషి. నడుము విరిగింది. అరగంటకు మించి కూర్చోలేడు. కుడిచెయ్యి పైకి లేవదు. అలాంటి మనిషి చేయగలిగిన పని బొగ్గుబాయి మీద ఏదైనా ఉంటుందా?"

"అనుకునుడెందుకు సారూ?" అంది సత్తవ్వ. "గా మనిషి గీడనే ఉండె గదా!"

గోడవార బెంచీ మీద ఆమె భర్త పోశం ఒరిగి పడుకొని ఉన్నాడు. బాయిలో కప్పు కూలి అతని మీద పడి తొమ్మిది నెలలైంది.

"పద్ధతి అట్లనే ఉంటదమ్మా. జర ఊకో," అన్నాడు గుమాస్తా.

ఆఫీసరు బల్లకు అటువైపు కూర్చున్న సాంబయ్య వైపు చూశాడు. దెబ్బ తగిలిన మనిషి ఇంకా ఏయే పనులు చేయగలడో చెప్పడానికి కంపెనీ పెట్టుకున్న నిపుణుడతను.

"ఉంటయి సార్," అన్నాడు సాంబయ్య అప్పజెప్పినట్టు. "లైట్ డ్యూటీలు శానా ఉంటయి. ల్యాంప్ రూంల దీపాలు అందిచ్చుడు, గేటుకాడ హాజరు బిళ్లలు తీసుకొనుడు..."

సత్తవ్వకు ఒళ్లు మండిపోయింది. పోశం ఏ పనికీ పనికిరాడని రాస్తే, అతని బదులు ఆమెకు కొలువిస్తారు. లైట్ డ్యూటీ చేయగలడని రాస్తే, అది ఖాళీ అయ్యేదాకా జీతం లేకుండా ఎదురుచూడాలి. ఇవాళ తేలేది అదే.

"దీపాలు పైన కొక్కేలకుంటయి. చెయ్యి లేవనోడు ఎట్ల తీస్తడు?"

"అయితే బిళ్లలు."

"ఎనిమిది గంటలు కూసునే ఉండాలె!"

"నడుమ నడుమ నిలవడొచ్చు."

"నిలవడితే కాళ్లు తిమ్మిరెక్కుతయి!"

"అయితే ఫోన్ ఎత్తే పని. ఎడమచేత్తోటి ఎత్తొచ్చు."

"ఫోన్ వచ్చేదాంక పండుకుంటడా?"

"పండుకోనిస్తె నేను తయారే," అన్నాడు పోశం బెంచీ మీది నుంచి. గుమాస్తా నవ్వు ఆపుకున్నాడు.

"నువ్వు నోరు మూస్కో! నీ పరాచికాలకు నా కొలువు పోతది," అని మొగుణ్ని కసిరి, సత్తవ్వ మళ్లీ సాంబయ్య వైపు తిరిగింది. "ఎన్నేండ్ల సంది చెప్తున్రు సారూ గీ మాట?"

"ఆరేండ్ల సంది."

"మా వాడకట్టుల ముత్యంకు చెప్పిన్రు. నాలుగేండ్లాయె, ఇంట్లనే ఉండె. భూమన్నకు చెప్పిన్రు. డ్యూటీ ఖాళీ కాకముందే ఆయన పాణమే పోయె. శానా ఉంటయంటున్రు గదా, గా లైట్ డ్యూటీ దొరికిన ఒక్కని పేరు చెప్పున్రి. ఒక్కటంటె ఒక్కటి! నేనింక మాట్లాడ. ఒప్పుకున్నమని మా ఆయనతోటి వేలిముద్ర ఏపిస్త."

ఆఫీసరు మొదటిసారి సత్తవ్వ వైపు చూశాడు. "న్యాయమైన ప్రశ్నే. చెప్పండి సాంబయ్యా, రికార్డులో రాయాలి."

సాంబయ్య ఆమె వైపు చూడలేదు. "ఒకనికి దొరికింది సార్."

"ఎవరికి?"

సాంబయ్య వంగి ప్యాంటు మోకాలి పైదాకా లాగాడు. లోపల కట్టెకాలు.

"నాకే. బెల్లంపల్లి దిక్కు బాయిల బొగ్గు టబ్బుల నడుమ వడి కాలు పోయింది."

ఆఫీసరు అతని పేరు రాసుకున్నాడు. గుమాస్తా ఒప్పుదల కాగితాన్నీ సిరా మెత్తనూ పోశం దగ్గరికి తీసుకెళ్లాడు. మాట ఇచ్చింది కాబట్టి సత్తవ్వే మొగుడి ఎడమచెయ్యి పట్టుకొని బొటనవేలు అద్దించింది. తర్వాత సాంబయ్య వైపు తల తిప్పింది.

"మరి మీకు ఏం డ్యూటీ ఇచ్చిన్రు సారూ?"

సాంబయ్య ప్యాంటు కిందికి సర్దుకున్నాడు.

"గిదేనమ్మా. లైట్ డ్యూటీలు శానా ఉన్నయని చెప్పుడు."

— ఆరెపల్లి సమ్మవ్వ, వయసు అరవై ఒకటి. ఇప్పుడు జమ్మికుంటలో ఉంటున్నాను.