అప్పగించినవాడు

క్రైస్తవులను శిక్షించి, వాళ్ళ పుస్తకాలు తగలబెట్టమన్న చక్రవర్తి ఆజ్ఞ చల్లారింది. సంఘపెద్ద సాతురుస్ గనుల నుంచి తిరిగొచ్చాడు, రెండు కళ్ళూ అక్కడే పోగొట్టుకుని.

సంఘంలో పుస్తకం చదివే రొగాతుస్ ఆయన కాళ్ళ మీద పడ్డాడు.

"సైనికులకు పుస్తకం అప్పగించానయ్యా. వాకిట్లోనే తగలబెట్టారు. ఒక్కటే దాచగలిగాను."

సంఘానికి ఉన్నవి రెండే. క్రీస్తు అపొస్తలుడు పౌలు సంఘాలకు రాసిన ఉత్తరాలు, అంటే పౌలు పత్రికలు, ఒకటి. వాటిలోంచి ఒక్కో మాట తీసుకుని, దాని కింద తన భావం చేరుస్తూ సాతురుస్ జీవితమంతా రాసుకున్నది రెండోది.

"పౌలునే కాల్చారా?" అన్నాడు ముసలాయన.

రొగాతుస్ వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఊరుకో. నా పుస్తకం మిగిలిందిగా! అందులో పౌలు మాటలు బోలెడున్నాయి. వాటినే ఏరి రాసుకుందాం. పస్కా పండగకు సంఘం ఎదుట కొన్నయినా చదవాలి."

చుట్టుపక్కల ఊళ్ళలోనూ పత్రికలు మిగల్లేదు. ఇక ఇదే దారి.

సాతురుస్ క్షమించాడు గానీ సంఘం క్షమించలేదు. అప్పగించినవాడికి చదివే పీట ఎక్కే అర్హత లేదు. ఆరాధనలో రొగాతుస్ గుమ్మం దగ్గరే కూర్చునేవాడు.

రోజూ పొద్దున్నే విధవరాలు దతివ ముసలాయన్ని చెయ్యి పట్టుకుని రొగాతుస్ ఇంటికి తెచ్చేది. పుస్తకాన్ని గుడ్డ చాటున పెట్టుకుని అతను చదివేవాడు. ఎదురుగా కూర్చుని ఆమె పౌలు మాటలు రాసుకునేది.

"గట్టిగా చదవవయ్యా! సైనికుల ముందు గొంతు బాగానే లేచిందిగా?"

"చదువుతున్నానక్కా."

"ఏదీ, ఓసారి ఇటివ్వు."

"వద్దక్కా. పుటలు ఊడిపోతున్నాయి."

ఒక రోజు పత్రిక చివరి మాటలు వచ్చాయి. వచ్చేటప్పుడు తన పైబట్ట తెచ్చిపెట్టమని పౌలు అడిగిన చోటు.

దతివ కలం ఆపింది. "ఇదీ రాశారా పెద్దయ్యా? ఒక్క మాటా వదిలిపెట్టినట్టు లేరే!"

"నాకే గుర్తులేదమ్మా," నవ్వాడు సాతురుస్. "ఆ పైబట్ట మీద ఏం రాశాన్రా?"

రొగాతుస్ చాలాసేపు పుట వంకే చూశాడు.

"'అపొస్తలుడికైనా చలి చలే. ఆ చలిని ప్రభువు తప్పు పట్టడు' అని రాశారయ్యా."

ముసలాయన మొహంలో నవ్వు పోయింది. గుడ్డికళ్ళు తడిశాయి.

"గనిలో వణుకుతూ, నా విశ్వాసం చాలకే ఈ వణుకు అనుకునేవాణ్ణి. ఇంత మంచి మాట రాసి నేనే మరిచిపోయానా?"

రొగాతుస్ తల దించుకున్నాడు. చూపు లేని ఆ మొహాన్ని కూడా అతను చూడలేకపోయాడు.

"అయిపోయిందయ్యా. పౌలు మాటలు ఇంతే."

"మొత్తం దొరికాయన్నమాట! నా జీవితం వృథా కాలేదురా," అంటూ సాతురుస్ తడుముకుని అతని తల మీద చెయ్యి పెట్టాడు. "నువ్వు దాచబట్టే."

దతివ విసురుగా రాతలు సర్దుకుంది. "దాచాల్సింది దాచి ఉంటే ఇంత తిప్పలు ఉండేదా?" అంటూ ముసలాయన్ని నడిపించుకుపోయింది.

వాళ్ళు వెళ్ళాక రొగాతుస్ ఇన్నాళ్ళూ తను చదువుతూ వచ్చిన పౌలు పత్రికలను గుడ్డలో చుట్టి, ఆనాడు సాతురుస్ పుస్తకాన్ని సైనికుల చేతిలో పెట్టేముందు వాటిని దాచిన గోధుమల కుండలోనే మళ్ళీ దాచాడు.